గంగాలమ్మ నర్సు నల్ల కిటికీ

కంచరపాలెంలో వరహాలు ఇంటి గోడ మీద ఎర్ర గీత పడి చాలా కాలమైంది. రోడ్డు వెడల్పు చేస్తే ముందు గది పోతుంది. ముందు గది పోతే మిగిలేది వంటిల్లు. పోర్టులో కలాసీ పని మానేశాక, ముందు గదిలో కిటికీ కింద మడత మంచం మీద కూర్చోవడమే వరహాలు ఉద్యోగం. ఆ ఉద్యోగం కూడా పోతుందేమోనని అతని బెంగ.

ఇల్లు అతనిది కాదు. అతను ఇల్లరికం వచ్చాడు. ఇల్లు భార్య రామలక్ష్మమ్మ నాయనమ్మ, గంగాలమ్మ నర్సుది. యుద్ధంలో జపానువాడు రేవు మీద బాంబులు వేసినప్పుడు ఊరు ఊరంతా మూటలు కట్టుకుని పోయింది. గంగాలమ్మ పోలేదు. దెబ్బలు తిన్న కూలీలను ఈ గదికే మోయించింది. మంచాలు చాలకపోతే తలుపులు ఊడదీసి వాటి మీద పడుకోబెట్టింది. రాత్రి దీపం బయటికి కనబడకూడదని సర్కారు హుకుం. చీకట్లో కుట్లు వేయడం ఎలాగ? అద్దాలకు తారు పూసి, లోపల లాంతరు పెట్టుకుని పని చూసుకుంది. నేను చెప్పేదాకా ఈ అద్దాలు ఎవరూ తుడవొద్దంది. యుద్ధం అయిపోయింది. ఆవిడ చెప్పడం మరిచిపోయి, చెప్పకుండానే పోయింది. ఆవిడ మాట కాదనే ధైర్యం ఆ వంశంలో ఇన్నాళ్లూ ఎవరికీ లేకపోయింది.

ఇప్పుడా నలుపే ఇంటికి దిక్కయింది. పాత కట్టడాలు చూసే కమిటీ నుంచి జ్యోతిర్మయి అనే అమ్మాయి ఫోన్ చేసింది. శుక్రవారం వచ్చి ఆ అద్దాలు చూస్తానని, నిజమైతే ఇల్లు జాబితాలోకెక్కుతుందని, అప్పుడు కూల్చరని చెప్పింది. ఫోన్ ఎత్తింది వరహాలు. అతనికి మాటలంటే పొదుపు. ఇంట్లో చెప్పింది రెండే ముక్కలు, ఆఫీసర్లు వస్తున్నారని.

గురువారం వరహాలు బజారు నుంచి వచ్చేసరికి గదిలో ఎండ పడి ఉంది. పెళ్లయిన దగ్గర నుంచి ఆ గదిలో ఎండ చూసి ఎరగడు. రామలక్ష్మమ్మ మోచేతుల దాకా నలుపుతో కిరసనాయిలు గుడ్డ పిండుతోంది.

“ఆపీసర్లు వొత్తన్నారు గదా. మసద్దాలు సూసి మనల్నేటనుకుంటారు?” అంది.

వరహాలు మంచం మీద కూలబడ్డాడు. సంగతంతా చెప్పడానికి అతనికి నెలకు సరిపడా మాటలు ఖర్చయ్యాయి. విని ఆవిడ తల పట్టుకుంది. తల కూడా నల్లబడింది.

పక్కింటి త్రినాథరావుకి తెలియనిది లేదు, అడగకపోయినా చెబుతాడు. జాలరిపేటలో పడవలకు పూసే తారు డబ్బా సాయంత్రానికల్లా తెచ్చాడు. వరహాలూ అతనూ కలిసి పూశారు. పొద్దుటికి అది ఆరలేదు సరికదా, వాడలో ఉన్న ఈగలన్నీ వచ్చి అంటుకున్నాయి.

“అదీ మంచిదే బావా. యుద్దం నాటి ఈగలనుకుంటారు,” అన్నాడు త్రినాథరావు.

జ్యోతిర్మయి వచ్చింది. గుమ్మంలోనే వాసన పట్టింది. అద్దం మీద వేలు పెట్టింది, వేలు నల్లబడింది. ఒక ఈగ ఇంకా కాళ్లు కొట్టుకుంటోంది. ఆ పిల్ల దాని వంక చూసి, వరహాలు వంక చూసి, లేనిది ఉన్నట్టు రాయలేనని నెమ్మదిగా చెప్పి బ్యాగు భుజానికి తగిలించుకుంది.

వరహాలు గుమ్మానికి అడ్డం వచ్చాడు. ఏదో ఒకటి అనాలి. అన్నాడు. “మా ఆవిడ తోమీసినాదండి.”

అనకూడని మాట అది. రామలక్ష్మమ్మ అతని వైపు తిరిగింది.

“తోమీసినాను. ఇసయం నోరిప్పి సెప్పుంటే తోముదునా? మా అయ్య పెళ్లికెట్టిన బీరువా అక్కడ్నించి జరపమని ఎన్నేళ్ల బట్టి అడుగుతన్నాను? సూద్దాం, సూద్దాం. ఇదే ఈయన మాట. నువ్వు జరిపుంటే దానెనకాల కిటికీ కూడా తోమీసుందును.”

పక్కిల్లు అడ్డొచ్చిన ఆ గోడకి కిటికీ ఉందని వరహాలుకే తెలీదు. జ్యోతిర్మయి బ్యాగు కింద పెట్టింది.

ఇనప బీరువా జరపడానికి వరహాలు, త్రినాథరావు, దారిన పోయే ఆటోవాడు కావలసి వచ్చారు. వెనక బూజు, బూజు వెనక అద్దాలు. వాటి మీద తారు నల్లగా ఎండి, బీటలు తీసి ఉంది. ఒక మూల కుంచె అందక చేత్తో పులిమినట్టు నాలుగు వేళ్ల జాడ. రామలక్ష్మమ్మ ముందుకు వంగింది. చెయ్యి మెల్లగా ఆ వేళ్ల దగ్గరికి పోయింది. ఆ చేతిలో గుడ్డ ఉంది. జ్యోతిర్మయి చటుక్కున పట్టుకుంది.

ఆ పిల్ల ఫోటోలు తీసుకుంది, కాగితాలు రాసుకుంది, ఈ కిటికీ చాలంది. ఇంక దీన్ని ఎవరూ తుడవకూడదు, బీరువా దీనికి అడ్డం ఉండకూడదు. వంటింట్లోకి మార్చేయమంది. అందరూ వరహాలు వంక చూశారు.

“సూద్దాం,” అన్నాడు వరహాలు.

జ్యోతిర్మయి వెళ్లాక రామలక్ష్మమ్మ కిరసనాయిలు గుడ్డ అతని చేతిలో పెట్టింది. ముందా దొంగ తారూ ఈగలూ పోవాలి, తరవాత బీరువా. తను అతని మడత మంచం మీద కాళ్లు జాపుకుని కూర్చుంది.

“నాను సెప్పీదాక ఆపకు,” అంది.

వరహాలు తోమడం మొదలుపెట్టాడు. చెప్పడం మరిచిపోవడం ఆ వంశంలో ఉన్నదేనని సగం అద్దం తోమాక గుర్తొచ్చింది. వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ గురకపెడుతోంది.