బావగారి రేంజ్ టైర్లు

మా బావగారికి టైర్ల షాపుంది. అంతకంటే పెద్ద సంగతి, ఆయనకి అన్నీ తెలుసు. తనకి తెలియనిదేదైనా ఉంటే అది లోకానికి అక్కర్లేనిదని ఆయన నమ్మకం. మా ఆయన ఆయనకి తమ్ముడు, ఆ షాపులోనే చక్రాలు బిగించే మనిషి. ఇంట్లోనూ షాపులోనూ అన్నయ్య మాటకి తల ఊపడమే పని. ఈపాటికి మెడ అరిగిపోయి ఉండాలి.

నేను డయాలసిస్ టెక్నీషియన్ని. నూట అరవై కిలోమీటర్ల అవతల ఒక చిన్న ఊరి సెంటర్లో పని. సోమవారం తెల్లారగట్ల వెళ్ళి గురువారం సాయంత్రం వస్తాను. కారు పాతది, ఎలక్ట్రిక్‌ది. బ్యాటరీకి వయసైపోయినా, కంపెనీ ఇచ్చిన సన్నటి చక్రాల మీద ఒక్క ఛార్జికి నూట డెబ్భై రెండు కిలోమీటర్లు వచ్చేది. అక్కడికెళ్ళి ప్లగ్ పెట్టుకునేదాన్ని. ఏ బాధా లేదు.

ఆ సుఖం చూడలేక బావగారు నా పుట్టినరోజుకి వెడల్పు టైర్లు, పెద్ద పెద్ద అల్లాయ్ చక్రాలు బిగించేశారు. ఒక్క మాట అడగలేదు. "ఇప్పుడు కారు కారులా ఉందమ్మా" అన్నారు. ఉంది, కానీ నూట నలభై ఎనిమిదికే చతికిలపడేది. దారిలో ఉన్న ఒకే ఒక్క ఛార్జర్ దగ్గర క్యూలో ఇరుక్కుని రెండు సోమవారాలు గంటన్నర ఆలస్యంగా వెళ్ళాను. తొమ్మిదింటి షిఫ్టు వాళ్ళు అప్పటికే వచ్చి, ఒంట్లో నీరు చేరి, వాచిన కాళ్ళతో మెషిన్ల పక్కన కూర్చుని ఉన్నారు. డాక్టరుగారు అరవలేదు. మూడోసారి ఆలస్యమైతే ఇంకో మనిషిని చూసుకుంటానని మెల్లగా చెప్పారు. అరిచి ఉంటే బాగుండేది.

షాపుకెళ్ళి నా పాత చక్రాలు నాకిచ్చెయ్యమన్నాను. అవి ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారట.

"అయినా అంత దూరం ఉద్యోగం చెయ్యమని ఎవరేడ్చారు?" అన్నారు బావగారు.

"సన్న టైర్లు, తేలిక చక్రాలు చూడండి చాలు. నా ఉద్యోగం సంగతి మీరు చూడక్కర్లేదు."

మా ఆయన పక్కనే నిలబడి స్పానర్ తుడుస్తున్నాడు. ఆ స్పానర్ అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

మర్నాడు బావగారు గోదాం మూలనుంచి నాలుగు సన్న టైర్లు, వాటికి సరిపడే తేలిక చక్రాలు తీయించారు. "ఇవి రేంజ్ టైర్లు, అంటే ఒక్క ఛార్జికి ఎక్కువ దూరం వస్తాయి. రోడ్డుకి అంటుకోవు, దొర్లిపోతాయంతే" అన్నారు. వాటిని మా ఆయనే ఎక్కించాడు. ఆదివారం ఊరి చుట్టూ తిప్పి చూశాను. మీటర్లో వంద కిలోమీటర్లకి యాభై తొమ్మిది శాతం ఛార్జి ఖర్చయింది. అంటే నూట డెబ్భై దాకా వస్తుందన్నమాట.

ఆ పూట భోజనాల దగ్గర బావగారి ముఖం వెలిగిపోయింది. "ఇప్పుడేమంటావమ్మా?" అని మూడుసార్లు అడిగారు. పెద్దవాడితో నోరు పారేసుకున్నావు, తప్పయిందని చెప్పమన్నారు అత్తయ్యగారు. చెప్పాను. నిజంగా నాదే తప్పేమో అని ఒక్క క్షణం అనిపించింది కూడా. దానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సోమవారం అన్నదమ్ములిద్దరూ నాతోనే బయలుదేరారు. ఆ ఊళ్ళో ఉన్న టైర్ల డీలరుకి తన గొప్ప చెప్పుకోవాలని బావగారి ఆరాటం. ముందు సీట్లో ఆయన, వెనక మా ఆయన, దారి పొడుగునా ఉపన్యాసం.

పాత చక్రాలున్నన్నాళ్ళూ సరిగ్గా అరవై దగ్గర వచ్చే వంతెన, ఆ రోజు అరవై మూడు దగ్గర వచ్చింది. నాకు అనుమానమేసి రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టాను. రాళ్ళు ఇరవై, మీటర్లో ఇరవై ఒకటి. మళ్ళీ ఇరవై, మళ్ళీ ఇరవై ఒకటి.

"బావగారూ, ఈ టైరు ఎత్తు పాతదానికంటే తక్కువా?"

"ఎత్తుదేముందమ్మా, గుండ్రంగా ఉందా లేదా?"

"చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది. మీటరు లెక్కపెట్టేది చుట్లనే. నడవని దూరం కూడా నడిచినట్టు చూపిస్తోంది. ఆదివారం నేను వంద తిరగలేదు, తొంభై ఐదే తిరిగాను."

బావగారు కిటికీలోంచి తొంగి చూశారు. "రాళ్ళు తప్పు పాతారు" అన్నారు. ఆయన్ని అవమానించడానికే ఎవరో పనిగట్టుకుని నూట అరవై కిలోమీటర్ల పొడుగునా పాతారన్నమాట.

దారిలో ఉన్న ఆ ఒక్క ఛార్జర్ దగ్గర ఆ రోజూ క్యూ ఉంటే ఆగకుండా వచ్చేశాను. ఇంకా పదకొండు కిలోమీటర్లుందనగా కారు తొమ్మిదే వస్తానంది. ఎనిమిదీ ఇరవై అయింది. పక్కకి తీసి ఆపాను. అద్దంలో మా ఆయన కనిపిస్తున్నాడు. రోజంతా టైర్ల మీద అంకెలు చదివి, సైజు చూసి బిగించే మనిషి.

"మీరు సైజు చూడలేదా?" అన్నాను.

"చూశాను."

"తక్కువని తెలుసా?"

"తెలుసు."

బావగారు చటుక్కున వెనక్కి తిరిగారు. ఆయనకి నిజంగానే తెలియదు.

"మరి చెప్పలేదేం?"

"ఇంకొక్కసారి ఆలస్యమైతే వాళ్ళే తీసేస్తారు, ఇంటిపట్టున ఉంటావనుకున్నా" అన్నాడు మా ఆయన. తడబడలేదు. రేపు వాన పడుతుందేమో అన్నంత మామూలుగా అన్నాడు. నేను ఇన్నాళ్ళూ నా కోపమంతా ముందు సీటు మీద ఖర్చు పెట్టాను.

"మీరిద్దరూ కలిపి నూట డెబ్భై కిలోలుంటారు. దిగండి."

బావగారు "ఇక్కడా? ఎండలోనా?" అంటూనే తలుపు తీశారు. మా ఆయన కదల్లేదు.

"నన్ను కూడానా?"

"మిమ్మల్నే ముందు."

ఏసీ ఆపేసి, ముప్పై దాటకుండా పోనిచ్చాను. తొమ్మిదికి పది నిమిషాలుండగా సెంటర్లో ప్లగ్ పెట్టాను, రెండు శాతం మిగిలింది. మొదటి మెషిన్ దగ్గర పెద్దావిడ అప్పటికే చెయ్యి చాపి ఉంచింది. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. కట్టేసి, చేతులు కడుక్కుని, సూది అందుకున్నాను. గురువారం ఎక్కడికి వెళ్ళాలన్నది గురువారం చూసుకుంటాను.