మల్లిగాడికి మంచం

కారు సీటుకు అంటుకున్న కుక్క వెంట్రుకలు ఊడి రావాలంటే అరచెయ్యి తడిపి ఒకే వైపుకు రాయాలి. ఈ విద్య సునందకు ఎవరూ నేర్పలేదు. మల్లిగాడు ఇంటికొచ్చినప్పటి నుంచి చేసి చేసి తనకు తానే తెలుసుకుంది. శనివారం మధ్యాహ్నం ఇంద్రేశంలో తమ ఇంటి ముందు ఆపిన కారు వెనక తలుపు తెరిచి, బకెట్ పక్కన పెట్టుకుని ఆమె అదే పనిలో ఉంది. ఆ వారం ఆమెది ఫస్ట్ షిఫ్టు. పొద్దున్నుంచి మందుబిళ్లల కంపెనీలో ప్యాకింగ్ బెల్టు ముందు నిలబడిన కాళ్లు ఇంకా గుంజుతూనే ఉన్నాయి. మల్లిగాడు మాత్రం వరండా నీడలో వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ గాలిలోకి పెట్టి నిద్రపోతున్నాడు. బతికితే వాడిలా బతకాలి.

"రివ్యూ రాసినవా?" లోపల సోఫాలోంచి భర్త బాలరాజ్ అడిగాడు.

"ఏం రివ్యూ?"

"గదే, లాడ్జిది. ఓనర్ మల్ల మెసేజ్ వెట్టిండు. కుక్కను తీస్కపోయినోళ్లు రాస్తె ఆయనకు గిరాకి వస్తదంట. ఆడికచ్చెటోళ్లకు కార్ గావాలంటె నన్ను పిలుస్తా అన్నడు. మా ఇంటామె మంచిగ రాస్తదని చెప్పిన. జెర జల్దీ రాసెయ్యి."

మంచిగా రాస్తుంది, నిజమే. ఇంటర్ పాసైన కోడలని పెళ్లిలో అందరికీ చెప్పుకున్నారు కదా, ఆ చదువును ఊరికే ఎందుకు పోనిస్తారు? గ్యాస్ ఆఫీసుకు అర్జీ, కూతురు నిషిత బడికి చీటీ, బాలరాజ్ కారు నడిపే కంపెనీకి లెటర్, అన్నీ ఆమె రాతే, కింద మాత్రం అతని పేరు. ఈ రివ్యూ కూడా అతని ఫోన్లోంచి, అతని పేరు మీదే పోవాలి. సునంద చెయ్యి కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్లి ఫోన్ తీసుకుంది. స్క్రీన్ మీద ఖాళీ నక్షత్రాలు ఐదు, వాటి కింద 'మీ అనుభవం చెప్పండి' అని ఒక గడి. తన అనుభవం చెప్పమని ఆమెను అడిగిన మొదటి ప్రాణి ఈ ఫోనే అయింది.

అసలు ఆ ప్రయాణమే మల్లిగాడి కోసం. నిరుడు వానాకాలంలో కంపెనీల వెనక పారే నాలాలో నీళ్లు తాగి వాడు నురగలు కక్కాడు. సునంద అత్త బీరమ్మకు వాడంటే ప్రాణం. వాళ్ల ఇంటిదేవుడు మల్లన్న, మల్లన్న వెంట ఎప్పుడూ కుక్క ఉంటుంది, కాబట్టి ఇంట్లో కుక్కంటే దేవుడి మనిషి. ప్రతి ఆదివారం వాడి నుదుటికి బండారి పెడుతుంది, అదే, దేవుడి పసుపు. 'నా మల్లిగాన్ని బతికియ్యి సామీ, వాన్ని తోలుకొని బీదర్ అవుతల నీ గుడికస్త' అని మొక్కుకుంది. మొక్కింది ఆమె. వాణ్ని ఒళ్లో పెట్టుకుని చెంచాతో మజ్జిగ పట్టింది, వాడు కక్కిందల్లా ఎత్తింది, డ్యూటీకి పోలేక మర్నాడు సూపర్‌వైజర్‌తో 'కుక్క కోసం లీవా మేడమ్? మనుషులకే ఇస్తలేము' అని లైనంతా వినేలా అనిపించుకుంది సునంద. పేరు మల్లన్నకు పోయింది. పోనీలే, దేవుడితో మనకు పోటీ ఏమిటి అనుకుంది.

కుక్కను రానిచ్చే లాడ్జి, అదీ తమకు అందుబాటులో ఉండేది, వెతికే పని కూడా ఆమెకే పడింది. భోజనం గంటలో కంపెనీ గేటు పక్కన నిలబడి ఫోన్ల మీద ఫోన్లు చేసింది. కొందరు కుక్క అనగానే పెట్టేశారు. చివరికి జహీరాబాద్ దాటాక బీదర్ రోడ్డు మీద ఒకరు సరే అన్నారు. గొలుసు వేయాలా, రూములో ఫ్యాన్ కింద పడుకోనిస్తారా, రాత్రి వాడికి పెరుగన్నం దొరుకుతుందా, అన్నీ అడిగింది. ఇన్ని అడిగిన మనిషి ఒక్కటి మాత్రం, తేదీ మార్చమని, అత్తను అడగలేకపోయింది. బీరమ్మ పెట్టిన ముహూర్తం సరిగ్గా తన నెలసరి దగ్గర పడింది. బాలరాజ్‌కు చెబితే ఫోన్లోంచి తల ఎత్తలేదు. "గోలి ఏస్కో. మీ కంపెనీల చేసేదే గోలీలు గద" అన్నాడు, అదో పెద్ద జోకైనట్టు. కిందటిసారి బోనాలకు నెలసరి ఆపే గోలి అలాగే వేసుకుంది. వారమంతా తల తిరిగి, బెల్టు ముందు వాంతి చేసుకుంది. ఈసారి వేసుకోలేదు. మరిచిపోయి కాదు, తన ఒంటి మీద తనకే జాలేసి.

లాడ్జి నిజంగా బాగుంది. రూములు తుడిచే పుష్పమ్మ మల్లిగాణ్ని చూసి ముచ్చటపడింది. "ఏం తింటడు వీడు? అన్నమా, రొట్టెనా? చల్లగియ్యాల్నా, ఉడుకుడుకు తింటడా?" అని అడిగింది. సునంద అన్నీ చెప్పింది. పుష్పమ్మ తలుపు దాకా పోయి మళ్లీ తిరిగింది. "మరి నువ్వేం తింటవక్కా?"

ఇంట్లో అందరికీ ఏది ఇష్టమో, మల్లిగాడితో సహా, నిద్రలో లేపి అడిగినా సునంద చెప్పగలదు. తనకేది ఇష్టమో ఆలోచించాల్సి వచ్చింది. "ఏదైనా సరే, మిగిలింది" అంది చివరికి.

ఆ సాయంత్రమే ఆమెకు నెలసరి వచ్చింది. దాచిపెడితే ఎవరికీ తెలిసేది కాదు. కానీ పెళ్లయినప్పటి నుంచి నాలుకకు పడ్డ అలవాటు, నోరు దానంతట అదే చెప్పేసింది. "అత్తమ్మా, ముట్టయిన." బీరమ్మ అరవలేదు, తిట్టలేదు. ఒక్కటే రూము, రెండే మంచాలు, తెల్లారితే దేవుడి గుడి. ఆమె ఒకసారి రూమంతా చూసి, "మరెట్ల?" అంది. ఆ మాటకు జవాబు ఏమిటో అందరికీ తెలుసు. తలుపు బయట, వసారాలో, కుక్కల కోసమని లాడ్జివాళ్లు ఒక రబ్బరు చాప, దాని మీద దళసరి దుప్పటి వేసి ఉంచారు. మల్లిగాడు దాన్ని వాసన చూసి, నచ్చక, లోపలికి పోయి బీరమ్మ మంచమెక్కాడు. ఆ చాప ఖాళీగా ఉంది.

"ఒక్క రాత్రికేం గాదు" అన్నాడు బాలరాజ్, చార్జర్ వెతుక్కుంటూ.

నీళ్ల సీసాలు పెట్టడానికి వచ్చిన పుష్పమ్మ ఆమెను ఆ చాప మీద చూసి నిలబడిపోయింది. "కుక్క లోపట, నువ్వు బయట. ఇదేందక్కా? దుప్పట్లు వెట్టే అర్ర ఉన్నది, మడత మంచం ఉన్నది, రా. మా లాడ్జిల ఎవరిని గిట్ల పండనియ్యం." సునంద వద్దంది. అత్తమ్మ లేచి చూస్తే బాగుండదు అంది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. బయట పడుకున్నందుకు కాదు, పడుకోవడం ఒకరు చూసినందుకు. పిలిచినా పోలేని మనిషైపోయానని అప్పుడు ఆమెకు తెలిసింది, ఆ రాత్రంతా ఆ ఒక్క సంగతే ఆమెను తొలిచింది.

తెల్లవారి తలుపు తెరుచుకుంది. బయటికొచ్చింది నిషిత. ఏడో తరగతి, పెద్దమనిషై నాలుగు నెలలైనా కాలేదు. గడపలో ఆగి, లంగా రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. "జెర జరుగమ్మా. నిన్ను తాకితె బాపమ్మ మల్ల తానం జెయ్యమంటది" అని, తల్లి జరిగే లోపే, నేల మీద పారే మురికి నీళ్లను దాటినట్టు ఆమెను దాటి పోయింది. ఆ వెనకే మల్లిగాడొచ్చాడు. సునంద చెంపలు నాకాడు, ఒళ్లో కాసేపు దొర్లాడు, మళ్లీ లోపలికి పోయి బీరమ్మ మంచమెక్కాడు. వాణ్ని ఎవరూ స్నానం చెయ్యమనలేదు. "మల్లన్న కుక్కకు అంటుండదు" అంది బీరమ్మ, మనవరాలు అడగకముందే.

మల్లిగాణ్ని తీసుకుని వాళ్లంతా గుడిలోకి పోయినప్పుడు సునంద కారులో కూర్చుంది. తిరిగొచ్చేటప్పుడు బీరమ్మ ముఖం, మల్లిగాడి నుదురు పసుపుపచ్చగా వెలిగిపోతున్నాయి. ఇంటికొచ్చే దారిలో బాలరాజ్ ట్రిప్పు బాగా జరిగిందన్నాడు.

"రాస్తున్నవా?" ఇప్పుడు సోఫాలోంచి అతను చెబుతున్నాడు. "రూములు నీటుగున్నయని రాయి. ఫ్యామిలీతోని పోనీకె మంచిగున్నదని రాయి. ఆఁ, ఇది తప్పక రాయి, కుక్కను ఇంట్ల మనిషి లెక్క చూస్తరు."

సునంద వేలు ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది. ఇంట్లో మనిషి లెక్క. ఏ మనిషి లెక్క?

అప్పుడే బాత్రూములోంచి నిషిత మెల్లగా పిలిచింది. "అమ్మా." ఆ పిలుపులోనే సునందకు అర్థమైంది. ఫోన్ పట్టుకునే వెళ్లి, కావలసినవి అందించి, పిల్లతో బయటికి వచ్చేసరికి వరండాలో చెప్పుల స్టాండు పక్కన చాప పరిచి ఉంది. బీరమ్మకు ఎవరూ చెప్పనక్కరలేదు, ఆమె చెవులు అలాంటివి. నిషిత పోయి చాప మీద మోకాళ్లు ముడుచుకుని, గోడకు అతుక్కుని కూర్చుంది. ఎంత చోటు తీసుకోవాలో, ఎలా ఒదగాలో ఆ పిల్లకు అప్పుడే వచ్చేసింది. అది ఎక్కడ చూసి నేర్చుకుందో సునందకు తెలుసు. లాడ్జి వసారాలో, తన దగ్గరే. మల్లిగాడు నిద్రలేచి, ఒళ్లు విరుచుకుని, నిషిత పాదాల మీద కాసేపు గడ్డం ఆనించి, లేచి ఇంట్లోకి నడిచాడు.

వచ్చేది ఏడుపని సునంద అనుకుంది. కాదు, కోపం.

"లే బిడ్డా" అంది. "లోపలికి నడువు."

నిషిత బాపమ్మ వైపు చూసింది. సునంద వంగి ఆమె చెయ్యి పట్టుకుని లేపింది, చాప చుట్టి చంకలో పెట్టుకుంది.

"ఏందే, ఏం జేస్తున్నవ్?" బీరమ్మ గడపకు అడ్డం వచ్చింది.

"కడుపునొస్తున్నదంట అత్తమ్మా. మంచం మీద పండవెడ్త."

"రేపు ఐతారం. ఇంట్ల దేవునికి దీపం వెట్టాలె."

"వెట్టు. దీపానికి నా బిడ్డ ఏం అడ్డం?"

"సునందా, ఇగ సాలు తియ్యి" అన్నాడు బాలరాజ్ సోఫాలోంచి లేవకుండానే. "మూడు దినాలకేం గాదు."

"ఆడ ఒక్క రాత్రికేం గాదన్నవ్. ఈడ మూడు దినాలకేం గాదంటున్నవ్. నీకేం గాదు, నిజమే." అతని వైపు చూడకుండానే అంది. తర్వాత అత్త వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "అత్తమ్మా, లాడ్జిల మల్లిగాడు నా ఒళ్లె పొర్లి వచ్చి నీ మంచమెక్కిండు. నువ్వు తానం జేసినవ్, వాడు చెయ్యలె. వాన్ని పట్టుకున్న చేత్తోనే దేవునికి బండారి వెట్టినవ్. కార్ల కూసున్నా సుత, నేను వాని ఒంటి మీద గుడి లోపటి దాంక పోయిన. దేవుడేమన్న అన్నడా?"

"మల్లన్న కుక్కకు అంటుండదు" అంది బీరమ్మ, ఈసారి అంత గట్టిగా కాదు.

"అయితె ఇగ నా బిడ్డకు సుత ఉండదు."

ముసలామె గడపలోనే ద్వారబంధానికి ఆనుకుంది. ఎవరితోనో కాదు, ముందున్న నేలతో చెప్పుకున్నట్టు అంది. "మా ఊర్ల, భానూర్ల, ముట్టయితె నేను గొడ్ల కొట్టంల కూసున్న. పెండ వాసనకు అన్నం దిగకపోయేది. నన్నెవరు పిలిచిండ్రు లోపటికి?"

సునంద ఆ ముడతల చేతులను చూసింది. ఈమెను పిలవడానికి ఏ పుష్పమ్మా రాలేదు. తనను పిలిచారు, తనే పోలేదు. పిలుపు విని కూడా పోకుండా కూర్చునే వంతు నిషితకు రాకూడదు, అంతే. బీరమ్మ పక్కనుంచి, ఆమెకు తగలకుండా జాగ్రత్తపడటం మానేసి, భుజానికి భుజం రాసుకుంటూ కూతుర్ని లోపలికి తీసుకుపోయింది.

నిషిత మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. వేడినీళ్ల సీసా పొత్తికడుపుకు ఆనించుకుని, కాసేపటికి తల్లి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. సునంద మంచం అంచున కూర్చుంది. రెండో చేతిలో ఇంకా బాలరాజ్ ఫోనే ఉంది. దాన్ని పక్కన పెట్టి తన ఫోన్ తీసింది. అదే లాడ్జి పేరు వెతికింది. పైన 'సునంద' అని తన పేరే వచ్చింది. ఆ పేరు కింద ఇంతవరకూ ఏ రాతా లేదు.

"అయ్యిందా?" బయటి నుంచి బాలరాజ్ అడిగాడు.

"అయితున్నది" అంది.

ఐదు నక్షత్రాలూ నొక్కి, ఆమె రాసింది:

'లాడ్జి మంచిది. కుక్కను రానిస్తారు, అది ఏం తింటుందో అడిగి పెడతారు. మా కుక్క మంచం మీద పడుకుంది. నాకు నెలసరి వచ్చిందని నేను తలుపు బయట కుక్క చాప మీద పడుకున్నాను. అది లాడ్జి తప్పు కాదు. అక్కడ పనిచేసే పుష్పమ్మ నన్ను లోపలికి రమ్మని పిలిచింది, నేనే పోలేదు. ఇంకోసారి వస్తే పోతాను, నా కూతుర్ని కూడా తీసుకుని. ఈ నక్షత్రాలు లాడ్జికి మాత్రమే. నాతో వచ్చినవాళ్లకు ఎన్ని ఇవ్వాలో ఇక్కడ అడగలేదు.'