పేరు చెప్పని ప్రార్థన

ఢిల్లీ జనక్‌పురిలోని తెలుగు క్రైస్తవ సంఘంలో సుభాషిణి ప్రార్థన చేసిందంటే ఆషామాషీ వ్యవహారం కాదు. మొదలుపెడితే ఇరవై నిమిషాలు. మధ్యలో మాట అందుకోవడానికి దేవుడికి కూడా సందు దొరకదని ఆవిడ భర్త కేశవరావు ఏడిపించేవాడు. ఆవిడకు ఒళ్లు మండేది. అయినా ప్రార్థనాపరురాలన్న పేరంటే లోపల్లోపల మహా మోజు.

ఆ మోజే కొంప ముంచింది. కటవారియా సరాయ్‌లో, పరీక్షలకు చదివే పిల్లల కోసం మెస్ నడిపే సరోజ ఒకరోజు ఆవిడ దగ్గర కడుపులో మాట చెప్పుకుంది. భర్త విజయవాడలో ఉద్యోగం చేస్తున్నాడని ఆమె అందరికీ చెబుతోంది గానీ, అతను తనను వదిలేసి ఇంకొకావిడతో కాపురం పెట్టి రెండేళ్లయింది. మీరొక్కరే ప్రార్థన చేయండి ఆంటీ, ఎవరికీ చెప్పకండి అని బతిమాలింది. సుభాషిణి ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నిజమైనదే.

ఆ శుక్రవారం స్త్రీల కూటంలో ప్రార్థన అంశాలు అడిగారు. సుభాషిణి లేచింది.

"పేరు చెప్పను గానీ, మన మధ్యనే ఒక సహోదరిని భర్త వదిలేశాడు. కటవారియా సరాయ్‌లో మెస్ నడుపుకుంటూ ఒంటరిగా బతుకుతోంది. ఆమె కోసం ప్రార్థిద్దాం."

పేరు చెప్పలేదు, నిజమే. సంఘం మొత్తంలో కటవారియా సరాయ్‌లో మెస్ నడిపే సహోదరీలు ఎంతమంది ఉంటారండీ? ఒక్కతే. ఆ ఒక్కతీ మూడో వరసలో కూర్చుని ఉంది. అందరితో పాటు ఆమెన్ అని, లేచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఫోన్ కూడా ఎత్తలేదు.

చాడీలేం చెప్పలేదు కదా, ప్రార్థనే కదా చేయించాను అని సుభాషిణి మొదట్లో బింకంగానే ఉంది. నెల మొదటి ఆదివారం, రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల దగ్గర చిక్కొచ్చి పడింది. ఎవరి మనసైనా నొప్పించి ఉంటే ముందు వెళ్లి సమాధానపడి రండని పాస్టర్ గారు ఎప్పుడూ చెప్పేదే. ఈసారి తనకే చెప్పినట్టనిపించింది. రొట్టె పళ్లెం వస్తే తీసుకోకుండా పక్కావిడకు అందించింది. రెండో నెలా అంతే. మూడో నెల కడుపునొప్పని ఇంట్లోనే ఉండిపోయింది. మోకరిస్తే మాట రావడం లేదు. ఇరవై నిమిషాల మనిషికి రెండు ముక్కలు దొరకడం లేదు. దేవుడు తన మొహం చూడడం మానేశాడేమోనని భయం పట్టుకుంది.

సరే, నలుగురిలో చేసిన తప్పు నలుగురిలోనే ఒప్పుకుందామనుకుంది. సాక్ష్యం చెబుతానని పాస్టర్ గారికి పేరిచ్చి, మూడు పేజీలు రాసింది. ఎక్కడ గొంతు పూడుకుపోవాలో కూడా గుర్తు పెట్టుకుంది. శనివారం పొద్దున్నే కేశవరావును కూర్చోబెట్టి చదివింది. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు.

"సరోజ పేరుందా ఇందులో?"

"ఎందుకుంటుందండీ? పేరు చెప్పకుండా, ఒక సహోదరి అని..."

ఆ మాట దగ్గరే ఆగిపోయింది. సిగ్గుతో చచ్చినంత పనైంది. పశ్చాత్తాపపడడానికి కూడా తనకు మైకు కావాల్సి వచ్చింది. కాగితాలు చించేసి, మెట్రో ఎక్కింది.

సరోజ వంకాయలు తరుగుతోంది. చూసింది గానీ కూర్చోమనలేదు.

"తప్పు చేశాను సరోజా. నువ్వు నమ్మి చెప్పిన మాటను ప్రార్థన పేరుతో అందరికీ పంచేశాను. క్షమించమ్మా."

నీ మంచి కోసమే అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగడానికి ఆవిడకు చాలా కష్టమైంది.

"జనానికి తెలిసిందని కాదు ఆంటీ," అంది సరోజ తలెత్తకుండా. "అది నా గురించి కానట్టే కళ్లు మూసుకుని నేనూ ఆమెన్ అన్నా చూడండి, అది తల్చుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోద్ది."

సుభాషిణి ఏడ్చింది. కూటాల్లో ఏడ్చే ఏడుపు కాదు, ముక్కు కారే ఏడుపు. కాసేపటికి సరోజ ఒక స్టూలు ఇటు జరిపింది. క్షమించానని ఇప్పుడే అంటే అబద్ధమవుద్దని చెప్పింది. అనొద్దు, మళ్లీ వస్తానంది సుభాషిణి. ఠీక్ హై, రండి, అంది సరోజ.

అప్పట్నుంచి ప్రతి శనివారం వెళ్లి కూరలు తరిగింది. బోధించలేదు, సలహాలివ్వలేదు. మెస్‌కు వచ్చే పిల్లలు పనికి కొత్తావిడ కుదిరిందనుకుని నీళ్లు తెమ్మన్నారు. తెచ్చిచ్చింది. ఇంట్లో మోకరిస్తే మాటలు వచ్చాయి, రెండే రెండు. ఆ రెంటితోనే మనసు కుదుటపడింది.

నాలుగో శనివారం బఠాణీలు ఒలుస్తుంటే సరోజ దగ్గరగా జరిగి కూర్చుంది.

"ఆంటీ, నిన్న మా ఆయన ఫోన్ చేశాడు," అని గొంతు తగ్గించి, మొదట్నుంచీ చివరిదాకా చెప్పింది.

మర్నాడు ప్రభువు బల్ల. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. సరోజే పళ్లెం అందించింది. ఈసారి సుభాషిణి రొట్టె తీసుకుంది.

ఇంతకీ ఆ భర్త ఫోన్‌లో ఏమన్నాడంటారా? నాకు తెలియదు. కేశవరావుకూ తెలియదు. ఆయన రెండుసార్లు అడిగి చూశాడు. ఈ వారం బఠాణీలు భలే తియ్యగా ఉన్నాయండీ, అందావిడ.