తుడవాకు

నేను ఒక డిస్కస్‌ని. పేరు వినగానే మనవాళ్ళలో సగంమంది తెల్లమొహం వేస్తారు కాబట్టి నా వాలకం ముందే చెప్పేస్తాను. రెండు చిన్న పళ్ళేలను మూతికి మూతి కలిపి మూసేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాను. జానెడు వెడల్పు, చుట్టూ ఉక్కు అంచు, లోపల చెక్క, నడుమ ఇత్తడి బిళ్ళ. బరువు రెండు కేజీలు. నాలుగు గ్రాములు ఎక్కువైతే ఊరుకుంటారు గాని ఒక్క గ్రాము తక్కువైతే పోటీలోకి రానివ్వరు. మనుషులకు మాత్రం ఇలాంటి తూకం ఎవరూ పెట్టలేదు.

నన్ను పారేయడానికే తయారు చేశారు. లోకంలో ఏ వస్తువునైనా దాచుకోవడానికి కొంటారు. నన్ను మాత్రం ఎంత దూరం పారేస్తే అంత గొప్ప. పారేసినవాడు రెండు చేతులూ పైకెత్తి గంతులేస్తాడు, చూసినవాళ్ళు చప్పట్లు కొడతారు. మట్టిలో సగం కూరుకుపోయిన నా సంగతి అప్పుడెవరికీ పట్టదు. దానికి నేను పుట్టినప్పటినుంచే అలవాటుపడ్డాను.

పుట్టింది మీరట్‌లో, ఎండ కూడా సరిగ్గా రాని ఒక సందులో. అక్కడినుంచి గుంతకల్లు రైల్వే క్రీడా గదికి వచ్చి, వాలీబాల్ వలల కింద గోనెసంచిలో రెండేళ్ళు పడి ఉన్నాను. మూడో ఏడు ఖాజా హుసేన్ సార్ సంచి దులిపి నన్ను బయటికి తీశాడు. ఆయన రైల్వే ఆటగాళ్ళకు కోచ్. మనిషి సన్నం, గొంతు మాత్రం ఇంజను కూతలా ఉండేది. పక్కనే నిలబడి ఉన్న ఆరడుగుల రెండంగుళాల మనిషి చేతిలో నన్ను పెట్టి, "ఇంగ ఇది నీది రా మద్దిలేటీ" అన్నాడు.

మద్దిలేటిది పత్తికొండ పక్కన పల్లె. రైల్వేలో ట్రాక్‌మన్. పొద్దున్నే పట్టాల బోల్టులు బిగించి, సాయంత్రం నన్ను విసిరేవాడు. ఆ అరచెయ్యి నాకు సరిగ్గా కొలిచి చేసినట్టుండేది. నాలుగు వేళ్ళ చివరి కణుపులు నా అంచుకు తగిలించుకుని, బొటనవేలు ఊరికే అలా ఆనించి, విసిరేవాళ్ళ కోసం గీసిన వలయంలో ఒకటిన్నర చుట్టు తిరిగి వదిలేవాడు. ఆ చివరి క్షణంలో చూపుడువేలు నన్ను గిర్రున తిప్పేది. ఆ తిప్పడంలోనే ఉంది అతని విద్యంతా.

నేను ఇంటికి వెళ్ళిన మొదటి వారంలోనే మద్దిలేటి పెళ్ళాం సుంకమ్మ నన్ను ఆవకాయ జాడీ మీద బరువుగా పెట్టింది. మూడు రోజులు ఆ ఘాటులో ఉన్నాను. నాలుగో రోజు సార్ ఇంటికొచ్చి చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"ఇది మీ ఆయన ఇసిరే బిళ్ళమ్మా!"

"నాకేం తెల్సు సార్? బరువు బాగుండాదని పెట్టినా."

ఆ రోజు మద్దిలేటి నా నూనె వదిలేదాకా గుడ్డతో తుడిచాడు. అప్పటినుంచి అదొక పిచ్చిగా పట్టుకుంది. మిగతా ఆటగాళ్ళు విసరబోయే ముందు తుడుచుకుంటారు. మావాడు విసిరిన తర్వాత తుడిచేవాడు. నేను మైదానంలోంచి తిరిగి రాగానే ఒళ్ళో పెట్టుకుని, మట్టంతా పోయి అంచు తళతళలాడేదాకా తుడిచి అప్పుడు కింద పెట్టేవాడు. ఎవరైనా నవ్వితే, "పనికి పోయొచ్చినోళ్ళు కాళ్ళు కడుక్కోరా ఏం?" అనేవాడు. నన్ను అంత మర్యాదగా చూసిన మనిషి మరొకడు లేడు.

అతనికున్న గ్రహచారం ఒక్కటే. ఎక్కడ ఆడినా నాలుగో స్థానం. జాతీయ పోటీల్లో మూడుసార్లు నాలుగు. రైల్వే పోటీల్లో ఎన్నిసార్లు నాలుగో నాకే గుర్తులేదు. క్వార్టర్స్‌లో ముగ్గురు మద్దిలేటిలు ఉండేవాళ్ళు. మావాణ్ణి గుర్తుపట్టడానికి 'నాలుగు మద్దిలేటి' అనేవాళ్ళు. అతనూ నవ్వి పలికేవాడు. కాని బహుమతులిచ్చేటప్పుడు ఆ మూడు మెట్ల వైపు అతను చూసే చూపు నేను చూశాను. మొదటి మెట్టు మీద ఆశ అతనికి ఎప్పుడూ లేదు. అన్నిటికన్నా కిందున్న మూడో మెట్టు, నేలకు గట్టిగా అడుగు ఎత్తు, దానిమీద ఒక్కసారి ఎక్కి నిలబడితే చాలనుకునేవాడు.

ముప్ఫై మూడో ఏట, పైనున్న ముగ్గురిలో ఇద్దరు గాయాలతో ఆగిపోతే, ఆసియా పోటీలకు అతని పేరు వచ్చింది. మోకాలు అప్పటికే మొరాయిస్తోంది. వచ్చే ఏడు కుర్రవాళ్ళను పంపుతామని రైల్వేవాళ్ళు ముందే చెప్పేశారు. అంటే ఇదే మొదలు, ఇదే ఆఖరు.

విమానాశ్రయంలో నన్ను తెరమీద చూసి అక్కడి ఉద్యోగి బెదిరిపోయాడు. ఇదేమిటని అడిగాడు. మావాడికి ఇంగ్లీషు రాక, విసిరి చూపిస్తున్నట్టు గిర్రున ఒక చుట్టు తిరిగాడు. వరసలో ఉన్నవాళ్ళంతా గభాలున కింద కూర్చున్నారు. సార్ వచ్చి సర్దిచెప్పేసరికి అరగంట పట్టింది.

ఆ దేశం, ఆ నగరం పేరు నాకెందుకు. సముద్రపు గాలి కొట్టే పెద్ద స్టేడియం. పోటీకి ముందురోజు మమ్మల్ని అధికారుల గదిలో అప్పగించాలి. తూచి, కొలిచి, సరిగ్గా ఉంటే ఒక గుర్తు అంటిస్తారు. నేను రెండు కేజీల మూడు గ్రాములు తూగాను. అప్పుడు అక్కడి పెద్దాయన ఏదో చెప్పాడు. అది సార్ మావాడికి తెలుగులో చెప్పాడు: ఒకసారి లోపలికి ఇచ్చాక పోటీ ముగిసేదాకా అది అందరిదీ. ఎవరైనా తీసుకుని విసరొచ్చు.

మద్దిలేటి చెయ్యి చాచి నా అంచు పట్టుకున్నాడు. "అదేంది సార్? మనది మనది కాకుండా పోతాదా?"

"రూలు రా. వాళ్ళయి మంచివే ఉండాయి, నీ దాని జోలికెవరొస్తారు?"

"ఏరేదైతే నా చేతికి కుదరదు సార్."

"అందుకే ఇయ్యమంటా ఉండా."

పెళ్ళివారికి ఎరువిచ్చిన బిందెలా అక్కడ ఇరవై డిస్కస్‌ల మధ్య కూర్చున్నాను. మద్దిలేటి తలుపు దగ్గర ఆగి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాడు పన్నెండుమంది విసిరారు. మూడు వంతులయ్యాక ఎనిమిదిమంది మిగిలారు, మావాడు ఆరోవాడు. అప్పుడే సన్నగా వాన మొదలైంది. వానలో మా జాతికి మర్యాద ఉండదు, వేళ్ళమీద నిలవం, సబ్బుబిళ్ళల్లా జారిపోతాం. పెద్ద పెద్ద వీరులు కూడా యాభై ఎనిమిది మీటర్లు దాటలేక తిట్టుకుంటున్నారు. పట్టాల మీద వానలో పనిచేసిన చేతికి తడి కొత్త కాదు. అయిదో వంతులో మద్దిలేటి నన్ను వదిలిన తీరుకు నాకే ఒళ్ళు జలదరించింది. అరవై ఒక్క మీటర్ల నలభై రెండు. బోర్డుమీద అతని పేరు పాక్కుంటూ వచ్చి, వానకు ముందే దూరం విసిరిన ఇద్దరి కింద, మూడో వరసలో ఆగింది.

అతను బోర్డును చూసి చప్పట్లు కొట్టలేదు, గంతులెయ్యలేదు. బల్లమీద కూర్చుని నోరు తెరిచి ఊపిరి పీల్చుకున్నాడు. మిగిలింది ఒక్కటే వంతు. ఎవరూ దాటకపోతే మూడో మెట్టు అతనిదే.

ఇక్కడే జరిగింది.

నేను మైదానంలోంచి రాగానే అతను నన్ను ఒళ్ళోకి తీసుకున్నాడు, తువ్వాలు తీశాడు. అలవాటు కదా. పక్కన చట్రంలో ఉన్న డిస్కస్‌లన్నీ నీళ్ళోడుతున్నాయి. నాలుగో స్థానంలో ఉన్న రుస్తం అనే పొరుగుదేశపువాడు వాటిని ఒక్కొక్కటే ఎత్తి చూసి విసుక్కుని దించేస్తున్నాడు. అతని కళ్ళు మెల్లగా మా వైపు తిరిగాయి. ఖాజా హుసేన్ సార్ ఎక్కడో పై వరసలో ఉన్నాడు, ఆయన అది చూశాడు. కంచె దాకా పరుగెత్తుకొచ్చి, కడుపులో గాలంతా బిగబట్టి ఒక్క కేక పెట్టాడు.

"తుడవాకు!"

మా సీమ భాష తెలిసినవారికి చెప్పక్కర్లేదు. 'పోవాకు' అంటే వెళ్ళవద్దని, 'చెప్పాకు' అంటే చెప్పవద్దని. మాట చివరనున్న ఆ చిన్న 'ఆకు'లోనే వద్దన్నదంతా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మైకులో ఎవరి పేరో చదివారు, సముద్రపు గాలి ఒక్కసారి విసిరికొట్టింది. ఆ గాలికి ఆకు కాస్తా ఎగిరిపోయింది. 'తుడవ' అన్నంత వరకే మావాడి చెవిన పడింది.

అతను తలెత్తి సార్‌కు చెయ్యి ఊపాడు. సరే సార్, తుడుస్తా ఉండా అన్నట్టు. కొత్త తువ్వాలు తీసి మళ్ళీ మొదలుపెట్టాడు. అంచు తుడిచాడు, చెక్క తుడిచాడు, ఇత్తడి బిళ్ళ సందులో నీటిచుక్కను వేలికి గుడ్డ చుట్టి మరీ తీశాడు. పైన సార్ రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. ఇంకా గట్టిగా తుడవమంటున్నాడనుకుని మావాడు ఇంకా గట్టిగా తుడిచాడు. నాకు మాట మొత్తం వినబడింది. ఆ క్షణంలో నోరు లేనందుకు నేను పడిన యాతన మరెప్పుడూ పడలేదు. ఆవకాయ జాడీ మీద కూర్చున్నప్పుడు కూడా పడలేదు.

తళతళలాడుతున్న నన్ను చట్రంలో పెట్టి, తడవకుండా పైన తువ్వాలు కప్పి, వెళ్ళి బల్లమీద కూర్చున్నాడు.

చివరి వంతుల్లో వెనకబడినవాడు ముందు విసరాలి. కాబట్టి మావాడికన్నా ముందు రుస్తం వచ్చాడు. తువ్వాలు పక్కకు తీశాడు. నన్ను చేతిలోకి తీసుకుని, పొడిగా ఉన్నందుకు ఆశ్చర్యంగా చూసి నవ్వాడు. దొంగ కాడు పాపం, రూలు ప్రకారమే తీసుకున్నాడు. మద్దిలేటి బల్లమీంచి సగం లేచి, రూలు గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

ఆ చెయ్యి నాకు కొత్త. వేళ్ళు పొడుగు, పట్టు గట్టిది. అతను వలయంలో తిరుగుతుంటే, జారిపోవాలని కోరుకున్నాను. వలయం చుట్టూ కట్టిన వలకు కొట్టుకోవాలని కోరుకున్నాను. చేతిని వదిలిన వెంటనే కింద పడిపోవాలని కోరుకున్నాను. ఇనుమూ చెక్కా కోరుకుంటే ఏమవుతుంది? గాలికి ఎదురుగా లేచాను, ఆ గాలే నన్ను కింది నుంచి మోసింది. నిజం చెప్పాలంటే నా బతుకులో నేను అంత బాగా ఎగిరింది లేదు. నాకే సిగ్గేసింది.

అరవై ఒక్క మీటర్ల నలభై అయిదు. మూడు సెంటీమీటర్లు ఎక్కువ. బోర్డుమీద మావాడి పేరు ఒక వరస కిందికి దిగింది.

ఇప్పుడతని వంతు. నేనింకా మైదానంలో ఉన్నాను. మమ్మల్ని వెనక్కి తేవడానికి అక్కడ ఒక బొమ్మకారు ఉంది, ఒక అమ్మాయి దూరంగా నిలబడి మీట నొక్కి నడుపుతుంది. నన్ను దానిమీద పెట్టారు. తడిగడ్డిలో అది కదలనంటుంది. గడియారంలో అరవై సెకన్లు మొదలయ్యాయి. చట్రంలో వేరేవి ఇరవై ఉన్నాయి, వాటిని అతను కన్నెత్తి చూడలేదు. వల దగ్గర నిలబడి, మట్టి కొట్టుకుపోయిన నన్ను, నత్తలా వస్తున్న ఆ కారును చూస్తూ ఉన్నాడు. నేను చేరేసరికి పద్దెనిమిది సెకన్లున్నాయి. తువ్వాలు కూడా తడిసిపోయింది. చొక్కాకు తుడిచాడు. అదీ తడిదే. విసిరాడు. వేళ్ళు నన్ను తిప్పకముందే జారిపోయాను. యాభై ఏడు మీటర్ల దగ్గర చతికిలబడ్డాను.

పోటీ ముగిశాక లోపలి గదిలో సార్ అతని భుజాలు పట్టుకున్నాడు. "తుడవాకు అంటి కదరా!"

"తుడవమంటిరి అనుకుంటి సార్."

సార్ గోడకు తిరిగి ఏడ్చాడు. మద్దిలేటే ఆయనను ఊరుకోబెట్టాడు.

గదికి వెళ్ళాక సుంకమ్మకు ఫోన్ చేశాడు. నేను మంచం మీద ఉన్నాను.

"ఏమైంది?" అంది.

"మన డిస్కస్‌కు మూడోది వచ్చిందిమే."

"మరి నీకు?"

"నాకు నాలుగోదే."

"తిన్నావా?" అంది. అతను తినలేదు. తిన్నానన్నాడు.

ఆ తర్వాత నన్ను పోటీలకు తీసుకెళ్ళలేదు. ఇప్పుడు గుంతకల్లు క్వార్టర్స్‌లో టీవీ పక్కన గూట్లో ఉంటున్నాను. ఇంటికొచ్చినవాళ్ళు అడిగితే, "ఇది ఏషియాలో మూడోది" అంటాడు. వాళ్ళు నన్ను చేతిలోకి తీసుకుని అబ్బో అంటారు. ఆ మూడో స్థానం నాకొద్దని, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో వారినే ఉంచుకోమని నేనెవరికి చెప్పను?

మొన్న ఒక ఆదివారం పొద్దున అతను నన్ను సంచిలో వేసుకుని రైల్వే మైదానానికి నడిచాడు. ఎవరూ లేరు. సార్ రిటైరై కర్నూలు వెళ్ళిపోయాడు. వలయంలో గడ్డి మొలిచింది. కాలితో కాస్త శుభ్రం చేసుకుని, మోకాలు ఒకసారి రుద్దుకుని, తిరిగాడు. ఏ ఒత్తిడీ లేని ఒళ్ళు, వేళ్ళు నన్ను ఎప్పటిలా గిర్రున తిప్పాయి. పైకి లేచాను. చాలాసేపు పైనే ఉన్నాను.

నేను పడిన చోటికి వలయం దగ్గరనుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. నా పక్కన ఆగాడు. లెక్క సరిపోయిందో లేదోనని మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి అడుగులు వేస్తూ వచ్చాడు. మూడోసారి కూడా వెళ్ళొచ్చాడు. అడుగుల లెక్కలో మూడు సెంటీమీటర్లు తేలవు. ఎంత దూరం వచ్చానో నాకు తెలుసు. అతను నా పక్కన గడ్డిలో కూర్చుని నా వైపు చూస్తున్నాడు, నేను చెప్పలేను.