కర్తే హైఁ, కర్తే థే

కరుణశ్రీ రేపల్లె నుంచి పాసింజరు రైల్లో తెనాలి వెళ్లి, రమణి టీచర్ దగ్గర హిందీ పరీక్షకు చదువుకునేది. కాలాల దగ్గరే తడబడేది.

“‘యాద్ కర్తే హైఁ’ అంటే తలచుకుంటారు. ‘యాద్ కర్తే థే’ అంటే తలచుకునేవారు. చివరి మాట మింగేస్తే ఎలాగమ్మా? మళ్లీ చెప్పు,” అనేది టీచర్.

కరుణశ్రీ అన్న అభిషేక్ నాగపూర్‌లో లిఫ్టులు బిగించే పని చేసేవాడు. జ్వరంతో తెలివి తప్పితే ఆసుపత్రిలో చేర్చామని అతని గదిలో ఉండే వినయ్ కుమార్ ఫోన్ చేశాడు. అతనికి తెలుగు రాదు. ఇంట్లో హిందీ తెలిసింది కరుణశ్రీకే. ఆ సాయంత్రమే బయల్దేరదామని తండ్రి ఆశీర్వాదం బట్టలు సర్దుతుండగా మళ్లీ ఫోన్ మోగింది.

“బహన్,” అన్నాడు వినయ్. “భయ్యా ఆప్ సబ్‌కో బహుత్ యాద్ కర్తే థే.”

కరుణశ్రీ చెవిలో ఆ చివరి ‘థే’ స్పష్టంగానే పడింది.

“ఏంటమ్మా, ఏమంటున్నాడు?”

“మనల్ని బాగా తలచుకుంటున్నాడంట నాన్నా.”

ఆశీర్వాదం ముఖం తేటపడింది. “అయితే తెలివొచ్చిందన్నమాట. ప్రభువు దయ. ఇంటికెప్పుడు పంపిస్తారో అడుగమ్మా.”

ఆమె అది అడగలేదు. తనే తప్పుగా విన్నదేమో, అతనే తప్పుగా అన్నాడేమో.

“భయ్యా... కర్తే హైఁ? యా కర్తే థే?”

“థే, బహన్,” అంటూనే వినయ్ భోరుమన్నాడు.

ఆ ఏడుపు ఆశీర్వాదానికీ వినిపించింది. చేతిలో చొక్కా పట్టుకుని కూతురి వంక చూశాడు. “ఎందుకేడుస్తున్నాడే?”

“అన్న లేడు నాన్నా.”

ఆయన ఆ చొక్కాను మడతపెట్టబోయాడు. మడత కుదరలేదు. మళ్లీ విప్పి, మళ్లీ మడతపెట్టబోయాడు.

మర్నాడు వినయ్ అంబులెన్సులో శవంతోపాటు వచ్చాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, సమాధి చేశారు, వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. ఆశీర్వాదం వినయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించాడు.

“అక్కడ వాడు ఏం తినేవాడో అడుగమ్మా. చలికి దుప్పటుండేదా? ఆదివారం గుడికెళ్లేవాడా?”

కరుణశ్రీ ఒక్కొక్కటే అడిగి, వినయ్ చెప్పినదాన్ని తండ్రికి తెలుగులో చెప్పింది. పొద్దుగూకేసరికి ఆమె గొంతు బొంగురుపోయింది. ఆయన అడుగుతూనే ఉన్నాడు.