ప్రసాదమే కదా

మూడో గేదె పొదుగు కడిగి, దేముడు లుంగీ పైకి లాగి కాలు చూసుకున్నాడు. మోకాలి వెనక శనగగింజంత పిడుదు, నెత్తురు తాగి బలిసి ఉంది. పీకి చెప్పు కింద నలిపాడు. హిందీ ప్రాంతమైన పర్సుడీహ్‌కు వలసొచ్చి, ఈ పశువుల ఖటాల్‌లో పాతికేళ్లుగా పాలు పితుకుతున్నాడు. గేదెల్ని పట్టే పురుగు తననూ పట్టడం అతని లెక్కలో జబ్బే కాదు.

దద్దుర్లు మాత్రం రెండుసార్లు హడలగొట్టాయి. రెండుసార్లూ మేకమాంసం తిన్న నాలుగైదు గంటలకే. ఆ సంగతి పసిగట్టింది బస్తీకి వచ్చే ఆరోగ్య కార్యకర్త తనూజ. వెంటబడి రక్తపరీక్ష చేయించి, డాక్టరు చేత ఒక కాగితం రాయించింది.

"పిడుదు కుట్టడం వల్లే బాబాయ్, నీ ఒంటికి ఈ మాంసం పడట్లేదు. కోడి తిను, సేప తిను. మేక, పొట్టేలు ముట్టుకోకు. ఆయాసమొత్తే ముందు ఈ కాగితం సూపించు."

అది ఖాకీ చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. చదవడం రాదు పాపం. అయినా అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ తీసి చూపించేవాడు.

భార్య రత్నానికి పురుగు మాట ఎక్కలేదు. ఒంటిమీద ఏం లేచినా అమ్మవారి కోపమే, వాళ్ల ఇంట్లో అమ్మమ్మల నాటినుంచీ అంతే. భర్త దక్కాలని మేకను మొక్కుకుంది. ఆ మొక్కు ఈ రోజే.

పాలు పోసి వచ్చి దేముడు తలంటుకున్నాడు. ఖాకీ చొక్కా మేకుకు తగిలించి, పసుపు పెట్టిన కొత్త చొక్కా తొడుక్కున్నాడు. మధ్యాహ్నం విస్తట్లో ముక్కలు పడ్డాయి. దేముడు విస్తరి కాస్త పక్కకు జరిపాడు.

"తనూజ వద్దన్నాది గదే."

"కూరైతే వద్దు. ఇది అమ్మోరి పెసాదం. కాదంటే మల్లీ ఏటి మీదకొత్తాదో!"

రత్నం కళ్లనిండా నీళ్లు. అతని మంచికోసమే ఏడుస్తోంది, అదీ ఘోరం.

నాలుగు ముక్కలు తిన్నాడు. గంట గడిచింది, రెండు గడిచాయి. ఏమీ కాలేదు.

"సూసావా, తల్లి సల్లగా సూసింది," అంటూ రత్నం మెటికలు విరిచింది. అతనూ నవ్వి, కొత్త చొక్కా మార్చకుండానే సాయంత్రం పాలకు బయల్దేరాడు.

బాల్టీ సగం నిండేసరికి అరచేతులు దురదపెట్టాయి. తర్వాత పెదవులు వాచాయి. ఊపిరందక గేదె కాళ్ల దగ్గరే కూలబడ్డాడు. రత్నం పరుగెత్తుకొచ్చి ఆటో ఎక్కించింది. దారిలో రైల్వే గేటు పడింది.

ఆసుపత్రిలో డాక్టరు సూది వేస్తూనే ఏం తిన్నాడని అడిగాడు, "క్యా ఖాయా థా?"

"కుఛ్ నహీ ఖాయా బాబూ," అంది రత్నం, ఏమీ తినలేదని ఒట్టేసినట్టు. "ఖాలీ ప్రసాద్." ఉత్త ప్రసాదమే.

పాత కాగితాలేమైనా ఉన్నాయా అన్నారు. ఆమె గబగబా అతని జేబు తడిమింది. కొత్త చొక్కా జేబులో కుంకుమ పొట్లం ఉంది.

ఆరు కాకుండానే దేముడు పోయాడు.

ఇంట్లో ఖాకీ చొక్కా మేకుకే ఉంది. జేబులోంచి కాగితం మూల కనిపిస్తోంది, చెమటకు మడతలు చిరిగిపోకుండా రత్నమే అంటించిన టేపుతో.