ఇంటికి రాని మూట

పిచుక అన్నది ఆమె అసలు పేరు కాదు. సన్నగా, చురుగ్గా, ఒక్కచోట నిలవకుండా తిరుగుతుందని సంచుల షెడ్డులో ఆడవాళ్లు పెట్టిన పేరు. భర్త పోయాక ఆమె అక్క ఇంటికి చేరింది. ఆ ఇంట్లో అక్కాబావా ఇద్దరే. బావ పక్షవాతంతో మంచం పట్టినప్పటి నుంచి అక్క గడప దాటడం మానేసింది. ఆయన్ని పక్కకు తిప్పాలి, ముద్ద మెత్తగా పిసికి పెట్టాలి, కాసిన్ని కాసిన్నిగా నీళ్లు పట్టాలి. అక్క కాస్త కనబడకపోతే ఆయన కళ్లు గది నాలుగు మూలలా వెతుక్కుంటాయి.

అందుకని పనే అక్క దగ్గరికి వచ్చేది. షెడ్డు నుంచి తిరిగొచ్చేటప్పుడు పిచుక చంకలో ఒక మూట ఉండేది. అందులో కత్తిరించిన గుడ్డముక్కలు, రంగుదారాలు. బావ కునుకు తీసినప్పుడల్లా అక్క వాటి మీద పువ్వులు కుట్టేది. ఒక్కో పువ్వు మొదలుపెట్టే ముందు దేవుణ్ణి తలుచుకునేది. పొద్దున్నే ఆ మూట షెడ్డుకు వెళ్లి, మిషన్ల మీద సంచులయ్యేది. పేరుకు మాత్రం ఆ పువ్వులన్నీ పిచుక కుట్టినవే.

ఈ సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. సూపర్‌వైజరుకు ఇంకా బాగా తెలుసు. అయినా గోడ మీద ఆయన స్వయంగా మేకు కొట్టి తగిలించిన బోర్డు ఉంది: పని ఇక్కడే జరుగుతుంది, ఇళ్లకు వెళ్లదు. ఆ సంచులు అమ్మే దుకాణం పెట్టిన నియమం అది. ఆసరా లేని ఆడవాళ్ల చేత న్యాయంగా చేయించిన సరుకని చెప్పి వాళ్లు అమ్ముతారు. నాలుగు రూపాయలు ఎక్కువైనా ఫరవాలేదు, ఎవరి ఉసురూ తగలని సంచి కొనుక్కుందామనుకునే మంచివాళ్లు కొంటారు. ఇళ్లకు పని పంపితే పసిపిల్లల చేత కుట్టిస్తారేమోనని దుకాణం వాళ్ల భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. కాకపోతే అక్క ఇంట్లో పసిపిల్లలు లేరు.

ఆ దుకాణం తరఫున ఏడాదికోసారి తనిఖీకి ఒక మేడమ్ వచ్చేది. ఆమె మాట దూదిపింజలా ఉంటుందని ఆడవాళ్లు ఆమెకు మెత్తనమ్మ అని పేరు పెట్టారు.

"ఈసారి ఏమడిగినా నవ్వి ఊరుకోండి" అన్నాడు సూపర్‌వైజరు ఆమె వచ్చే ముందు.

"మరీ నవ్వితే పళ్లు కూడా చూసిపోతుందేమో సార్" అంది కత్తెరమ్మ. గుడ్డలు కత్తిరించే మనిషి ఆమె. నోరూ అంతే పదును.

మెత్తనమ్మ కుర్చీ వేసినా కూర్చోలేదు. వచ్చి పిచుక పక్కనే చాప మీద చతికిలబడింది. ఒక సంచి చేతిలోకి తీసుకుని, దాని మీది పువ్వును వేలితో నిమిరింది.

"ఎంత బాగుంది చెల్లెమ్మా. నీ చేతిలో ఏదో ఉంది."

అవునని తల ఊపితే అయిపోయేది. రోజూ చెప్పే అబద్ధమే కదా. కానీ అంత ప్రేమగా మెచ్చుకుంటుంటే, ఆ మెప్పు అక్కకు దక్కాల్సిందని పిచుకకు తోచింది. ఇంకొకరి ప్రసాదం తానే తినేసినట్టు అనిపించింది.

"నాది కాదు మేడమ్. మా అక్క చెయ్యి అది. బావ మంచంలో ఉన్నాడు. ఇంట్లోనే కూర్చుని కుడుతుంది."

కత్తెర చప్పుడు ఆగిపోయింది. సూపర్‌వైజరు బోర్డుకేసి చూశాడు.

"భయపడకు" అంది మెత్తనమ్మ, ఆమె భుజం మీద చెయ్యి వేసి. "నాతో నిజం చెబితే నీకేమీ కాదు."

ఆ మాట ఆమె నిలబెట్టుకుంది. పిచుకకు ఏమీ కాలేదు.

ఆ మధ్యాహ్నమే మెత్తనమ్మ వాళ్లింటికి వచ్చింది. బావ మంచం పక్కన నేల మీద కూర్చుంది. అక్క చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. సూది గుచ్చుకుని మొద్దుబారిన వేళ్లు చూసి కళ్లు తుడుచుకుంది. ఒక ఫోటో తీసుకుంటానంటే అక్క సిగ్గుపడి, చీర సర్దుకుని, పువ్వు కుడుతూ నవ్వింది.

"నీకేం కావాలో చెప్పక్కా."

"ఏం లేదమ్మా. ఈ పని ఇలా వస్తూ ఉంటే చాలు. ఆయన్ని చూసుకుంటూనే నేనూ ఒక పనిమంతురాలిననిపిస్తుంది."

మెత్తనమ్మ తల ఊపింది. వెళ్లేటప్పుడు బావకు కూడా నమస్కారం పెట్టింది. వీధి మలుపు తిరిగేదాకా అక్క గుమ్మంలోనే నిలబడి చూసింది.

తర్వాతి వారం సాయంత్రం పిచుక మూట కోసం చెయ్యి చాపితే సూపర్‌వైజరు బీరువా తాళం వేసేశాడు.

"ఇంక ఇంటికి గుడ్డ వెళ్లదమ్మాయ్. పైనుంచి గట్టిగా చెప్పారు. ఇంకోసారి ఇలా జరిగితే మొత్తం ఆర్డరే ఆపేస్తారట. నవ్వి ఊరుకోమన్నానా లేదా?"

ఆ సాయంత్రం ఖాళీ చేతులతో ఇల్లు చేరిన పిచుక, "ఆర్డర్లు తగ్గాయక్కా, కొన్నాళ్లు ఆగాలట" అంది. నిజం రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు రోజూ వస్తూనే ఉంది.

కొన్నాళ్లకు షెడ్డుకు ఒక పెద్ద పటం వచ్చింది. దుకాణంలో తగిలించినదాని లాంటిదే ఇక్కడికీ ఒకటి పంపారు. అందులో అక్క. చేతిలో సూది, ముఖం నిండా నవ్వు.

"మీ అక్క హాయిగా గోడెక్కి కూర్చుంది" అంది కత్తెరమ్మ. "మనల్ని చూస్తూ ఉంటుంది, పని మాత్రం చెయ్యదు." అని, పిచుక ముఖం చూసి గొంతు తగ్గించింది. "ఒకసారి మాట్లాడవే ఆవిడతో. ఏమంటుందో చూద్దాం."

పిచుక సూపర్‌వైజరును బతిమాలి ఆయన ఫోనులోనే మాట్లాడింది. మెత్తనమ్మ విసుక్కోలేదు. అంతా నెమ్మదిగా వింది.

"నాకూ బాధగానే ఉంది చెల్లెమ్మా. కానీ మా దగ్గర కొనేవాళ్లు మమ్మల్ని నమ్మి కొంటారు. ఒక్క ఇంటికి ఒప్పుకుంటే ప్రతి ఇంటికీ ఒప్పుకోవాలి. ఆ తలుపుల వెనక ఏం జరుగుతుందో నాకెలా తెలుస్తుంది?"

"మా తలుపు లోపలికి మీరు వచ్చారు కదా మేడమ్."

మెత్తనమ్మ గొంతు ఇంకా మెత్తబడింది.

"మీ అక్కను మేం వదిలెయ్యం. ప్రతి నెలా ఎంతో కొంత పంపిస్తాం. నా మాటగా చెప్పు."

ఆ రోజు పిచుక ఇంటికి వెళ్లేసరికి అక్క కిటికీ వెలుతురులో పాత దిండుగలీబు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. దాని మీద ఒక పువ్వు కుట్టి ఉంది. అక్క దాన్ని సూదిమొనతో విప్పేస్తోంది. చుట్టూ దారపు తుంపులు.

"మళ్లీ ఎందుకు విప్పుతున్నావక్కా? బాగుంది కదా."

"నిజం చెప్పవే. నా కుట్టు వంకరపోతోందా?" తలెత్తకుండానే అడిగింది అక్క. "ఆర్డర్లు లేకపోతే నీకెలా ఉంది పని? ఆవిడ దగ్గరగా చూసి వెళ్లింది. అప్పటి నుంచే మూట రావడం లేదు. ఏదో లోపం పట్టుకుని ఉంటుంది. రోజూ కుట్టి చూసుకుంటున్నాను. నాకేమో కనబడట్లేదు. దేవుడు నా చేతుల్లోంచి ఏదో తీసేసుకున్నాడేమోననుకుంటున్నాను."

పిచుక అక్క ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పింది. చాప మీద తాను అన్న మాట, బీరువా తాళం, గోడ మీది పటం, ఫోను, అన్నీ.

అక్క సూది గలీబుకు గుచ్చి పక్కన పెట్టింది.

"ఏం కావాలని ఆవిడే అడిగింది కదే. నేను చెప్పాను కదా. వినలేదా?"

"వింది అక్కా."

"విని కూడానా."

"నెలనెలా ఎంతో కొంత పంపిస్తానంది" అని మాత్రం అంది పిచుక.

"ఏ పనికి?"

"పనికి కాదు. ఊరికే."

"వద్దని చెప్పు." అంతలోనే అక్క గొంతు మారింది. "మూట ఎందుకు ఆగిందో నీకు మొదటిరోజే తెలుసు కదూ."

"నీ మనసు కష్టపడుతుందని..."

"ఆవిడ పరాయిది. ఒక పూట వచ్చింది, పోయింది. నువ్వు నా పక్కనే పడుకుంటున్నావు. నేను కుట్టి, విప్పి, మళ్లీ కుట్టి, నా చేతుల్నే తిట్టుకుంటుంటే రోజూ చూస్తూ కూర్చున్నావు."

గొంతు పెంచి అంటే పిచుక భరించేదేమో. అక్క మామూలుగానే అంది. అని, లేచి దీపం పెట్టింది. ఎప్పటిలా దేవుడి ముందు కళ్లు మూసుకుంది కానీ పెదవులు కదలలేదు.

బావ మంచం మీంచి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆయనకు మాట రాదు గానీ వినబడుతుంది.

అక్క అన్నం గిన్నె తెచ్చి పిచుక ముందు పెట్టింది. ఇన్నేళ్లలో బావకు ఇంకొకరి చేత ముద్ద పెట్టించింది లేదు.

"ఈ పూట నువ్వు పెట్టు. నాకు చేతులు రావట్లేదు" అంది. అని, గోడవైపు తిరిగి పడుకుంది.

పిచుక ముద్ద కలిపి బావ నోటి దగ్గర పెట్టింది. ఆయన నోరు తెరవలేదు.